మేకల దొడ్డికి పచ్చగోడ

రాళ్ళగుట్ట వాలులో మేకలు కట్టుకున్న దొడ్డి అందంగా ఉందని ఎవరూ ఏనాడూ అనలేదు. తుమ్మకంప, రేగుకంప ఈడ్చుకొచ్చి, ఒకదాని మీద ఒకటి తొక్కి, చుట్టూ నిలువెత్తున పేర్చిన కంచె అది. లోపల దుమ్ము, పెంటికలు. అయితే ఒకసారి తోడేలు అందులో మూతి పెట్టబోయి, ముక్కులో ముల్లు దిగి, గుట్ట దిగేదాకా ఏడ్చుకుంటూ పోయింది. మళ్ళీ ఆ ఛాయలకు రాలేదు.

మందకు పెద్ద భూపతి అనే మేకపోతు. అన్న పోయాక పెద్దరికం అతనికొచ్చింది. కొమ్ములు బాగానే ఉన్నాయి, గడ్డం ఇంకా బాగుంది, తలలో మాత్రం ఎప్పుడూ ఒకటే దిగులు. పక్క గుట్ట మీది దుప్పులు తనను చూసి నవ్వుతున్నాయని. "కంపలో కాపురం చేసేవాళ్ళు" అని ఓ దుప్పి ఎప్పుడో అన్న మాట అతని చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉండేది.

సరిగ్గా అలాంటి రోజుల్లో సత్యానందం అనే నక్క వచ్చాడు. పట్నం శివార్లలో ఏదో రిసార్టు కడుతుంటే అక్కడి సిమెంటు తూముల్లో చాలాకాలం మకాం పెట్టాడు. ఇంజనీర్లు పారేసిన బిస్కెట్లతో పాటు వాళ్ళ మాటలు కూడా తిని అరిగించుకున్నాడు. కంచెకు కాస్త దూరంలో నిలబడి జాలిగా తల పంకించాడు.

"ఏం భూపతి గారూ, ఇంకా ఈ చచ్చిన గోడల్లోనే ఉన్నారా?"

"చచ్చిన గోడలేంటి?"

"ఎండు కంప అంటే చచ్చిన చెట్టేగా! లోకం మారిపోయిందండీ. ఇప్పుడు గోడ బతికుండాలి, చిగురెయ్యాలి, గాలి పీల్చాలి. పట్నంలో గ్రీన్ వాల్, అంటే పచ్చగోడ, లేని ఇంటి గడప ఎవరూ తొక్కడం లేదు."

భూపతి గడ్డం కదిలింది.

"మరి తోడేలొస్తే?" అని లోపలి నుంచి చుక్కమ్మ అడిగింది. ఆమె భూపతికి వదిన. మొన్నీమధ్య ఈనిన రెండు పిల్లలు ఇంకా ఆమె పొదుగు వదలడం లేదు.

నక్క బాధగా నవ్వాడు. "అమ్మా, మీరు భయంతో ఇల్లు కట్టుకున్నారు. ఇప్పుడు డిజైన్ అంటే నమ్మకం. ప్రకృతి మన ఇంట్లోకి నడిచి రావాలి."

"తోడేలు ప్రకృతి కాదా?"

"వదినా, తెలియని విషయాల్లో తలదూర్చకు," అని భూపతి కసిరాడు. నిజానికి అతనికీ ఏమీ తెలియదు. కానీ తెలియదని నక్క ముందు బయటపడటం ఇష్టం లేకపోయింది.

పథకం తేలికే. కంచె లోపలి వైపున చుట్టూ అవిసె మొక్కలు దగ్గర దగ్గరగా నాటాలి, వాటికి తీగలల్లాలి. గోడ తలెత్తు ఎదిగాక కంపంతా పీకి వాగులో పడేయాలి. అప్పుడు ఒక కమిటీ వచ్చి చూసి 'హరితగృహ శిరోమణి' అనే బిరుదు ఇచ్చి వెళుతుంది. దుప్పులకా? దుప్పులకు అలాంటి బిరుదు ఎక్కడిది!

"అవిసె ఆకంటే మనం ప్రాణం పెడతాం కదయ్యా," అంది చుక్కమ్మ గుటక మింగుతూ. "దాంతో గోడ కడితే ఎన్నాళ్ళుంటుంది?"

"తినకూడదమ్మా. అది మేత కాదు, ఆర్కిటెక్చర్."

"మా నోటికి ఆ సంగతి ఎవరు చెబుతారు?"

దానికీ నక్క దగ్గర ఉపాయం ఉంది. పేడనీళ్ళు చల్లిన మొక్కను మేక ముట్టదని తోట వేసిన ప్రతి రైతుకూ తెలుసు. గేదెల పేడ కలిసిన బురదలో మేకలు దొర్లి వచ్చి ఆ ఒళ్ళు మొక్కలకు రాస్తే సరి. చెప్పాల్సింది చెప్పి సత్యానందం సెలవు తీసుకున్నాడు. అటునుంచి అటే తోడేలు గుహకు వెళ్ళాడని భూపతికి తెలియదు. ఎటు వెళ్ళాడో చూడాలని కూడా అతనికి తోచలేదు.

వానలు పడ్డాయి. మందంతా పేడలో దొర్లి, కంపు కొట్టుకుంటూ మొక్కలకు ఒళ్ళు రాసింది. అవిసె ఏపుగా లేచింది. గోడ తలెత్తు కాగానే నక్క మళ్ళీ వచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

"అద్భుతం! కంప తీసేయండి. అన్నట్టు, ఈ పేడ వాసనేంటండీ? కమిటీ ముక్కు మూసుకుని బిరుదు ఇవ్వాలా?"

"కంప ఉండనీ మరిదీ," అని చుక్కమ్మ బతిమాలింది. "దాని వెనకాలే నీ పచ్చగోడ కూడా ఉంటుంది. ఎవరికి అడ్డం?"

"కంప వెనక దాస్తే దుప్పులకు ఎలా కనబడుతుంది?" అన్నాడు భూపతి.

అదీ అసలు సంగతి. పిల్లలు పడుకునే చోటుకు గోడ కడుతూ, పక్క గుట్ట మీంచి ఎలా కనబడుతుందో చూసుకునే పెద్దమనిషి! కంపంతా వాగులో పడింది. వరద దాన్ని పండగలా మోసుకుపోయింది. పేడ పూయడం ఆపేశారు. పెద్ద వానొకటి కురిసి ఆకులన్నీ తళతళా కడిగేసింది. దుప్పులు దూరం నుంచి నోళ్ళు తెరిచి చూశాయి. ఆ పూట భూపతికి ఆకలి కూడా వెయ్యలేదు.

ఆకలి మర్నాడు వేసింది. ముసురు పట్టి మేతకు పోయే వీలు లేకపోయింది. భూపతి తన గోడ పక్కనే నిలబడి మురిసిపోతున్నాడు. ఒక ఆకు వరస తప్పి బయటికి వేలాడుతోంది. సరిచేద్దామని మూతితో అందుకున్నాడు. సరిచేస్తే అది కడుపులోకి పోయింది. దాని పక్కది ఇప్పుడు ఎబ్బెట్టుగా కనబడింది. అదీ సరిచేశాడు. వెనక కసకసమని చప్పుడైతే తిరిగి చూశాడు. మందంతా గోడకు మూతులు పెట్టి సరిచేస్తోంది.

ముసురు తగ్గేసరికి గోడ ఉన్నచోట పుల్లలు నిలబడ్డాయి. తీగలు కూడా మిగల్లేదు.

"నేనూ తిన్నాను, దాచేదేముంది," అంది చుక్కమ్మ. "పద మరిదీ, పొద్దుండగానే పై బండల మీదికి ఎక్కేద్దాం. అక్కడికి రావడం తోడేలు తరం కాదు. ఉన్నది ఒక్క సందు, దానికి నా కొమ్ములు చాలు."

"రేపు కమిటీని తీసుకొస్తానని నక్క కబురు పెట్టాడు. ఇల్లు వదిలిపెట్టి పోతామా?"

"ఏది ఇల్లు? ఈ పుల్లలా? మీ అన్న పోయినప్పుడు నిన్నే కదయ్యా నమ్ముకున్నాం. బిరుదు తీసుకుని కొమ్ములకు కట్టుకుంటావా? నీకు దణ్ణం పెడతాను, రా!"

భూపతి పిల్లల వంక చూశాడు, బండల వంక చూశాడు. ఆ తర్వాత, పాడు అలవాటు, దుప్పుల గుట్ట వంక చూశాడు. "మీరు పదండి. నేను బిరుదు తీసుకుని వస్తా," అన్నాడు. చుక్కమ్మ పిల్లలను ముందు తోలుకుని మందతో పైకి ఎక్కింది.

తెల్లవారింది. పుల్లల మధ్య భూపతి గడ్డం సవరించుకుని నిలబడ్డాడు. చెప్పాల్సిన మాటలు రాత్రంతా వల్లె వేసుకున్నాడు. సత్యానందం రావడం చూసి ఎదురెళ్ళాడు.

"రండి, రండి! ఆకులు లేవనుకోకండి. అలంకారం తగ్గించాం. ఇప్పుడు అదే ఫ్యాషన్ కదా!"

"అలాగే, అలాగే. కమిటీ వారికి చెప్పండి," అంటూ నక్క పక్కకు తప్పుకున్నాడు.

బండ చాటు నుంచి తోడేలు వచ్చింది. తొందరేమీ పడలేదు. పుల్లల చుట్టూ ఒకసారి తిరిగింది.

"తలుపెక్కడ?" అని అడిగింది.

"త... తలుపు పెట్టలేదండీ," అన్నాడు భూపతి. కాళ్ళు వెనక్కి పడుతున్నాయి, నోరు మాత్రం వల్లె వేసినదే చెబుతోంది. "ఎటునుంచైనా రావచ్చు."

"మంచి ఇల్లు," అంది తోడేలు. లోపలికి వచ్చింది.

పై బండల మీద చుక్కమ్మకు ఆ అరుపు వినబడింది. పిల్లలిద్దరినీ పొట్ట కిందికి లాక్కుని, మరిదిని తిట్టుకుంటూ ఏడ్చింది. కింద తోడేలు మాత్రం నక్క మీద మండిపడుతోంది. "లేత పిల్లలన్నావు, ఈ ముదురు పోతునా నాకు చూపించింది? కొమ్ములు మిగిలాయి, తీసుకుపో."

ఈ కథ నుంచి ఇంటికి పట్టుకెళ్ళాల్సిన ముక్క ఒకటే. చూసేవాళ్ళ కోసం కట్టిన ఇంట్లో ఉండేవాళ్ళకు రక్షణ ఉండదు.