వెయ్యి పేజీల నక్క, మూడు మాటల ఏదుపంది

ఎర్రగట్టు అడవిలో టవర్ వేసిన మూడో నెలకల్లా జంతువులన్నీ సెల్‌ఫోన్లలో మునిగిపోయాయి. ఎవరి పేజీ వాళ్లది. ఎద్దుకి దుక్కి మీద ఒక పేజీ, మేకకి కొండదారుల మీద ఒకటి. ఆఖరికి కదలాలంటేనే బద్ధకించే అడవిపంది కూడా బురదగుంటల గురించి ఒకటి పెట్టుకుంది. ఎవరికేం కావాలన్నా ఫోన్లో డేగకన్ను అనే చోట వెతకాల్సిందే. దాన్ని నడిపేది కొండకొమ్మున ఉండే డేగ దొర. ఎవరి పేజీని చూడమని ఎక్కువమంది తమ పేజీల్లో చెబుతారో, ఆ పేరు అందరికంటే పైన చూపించడం ఆయన పద్ధతి.

ఆ అడవిలో ముళ్లు తీయడంలో ఏదుపంది ఏదులమ్మని మించినవాళ్లు లేరు. ఒళ్లంతా ముళ్లు మోసే మనిషి, ముల్లు సంగతి ఆవిడకి కాక ఎవరికి తెలుస్తుంది! ఏటా తొలకరికి పైకొండల నుంచి గొర్రెల మందలు దిగుతాయి. వాటి గిట్టల్లో ముళ్లు తీసినందుకు అవి తెచ్చిచ్చే చిలగడదుంపలే ఏదులమ్మకీ, ఇద్దరు పిల్లలకీ ఏడాది తిండి.

ఆ దుంపల మీద నక్క జంబయ్య కన్ను పడింది. ముల్లు తీయడం అతగాడికి చేతకాదు. తనకి గుచ్చుకున్నా కుయ్యోమని ఏడవడమే వచ్చు. అయినా ‘జంబయ్య ముళ్ల ఆస్పత్రి’ అని ఓ పేజీ పెట్టి, నేరుగా కోతుల దగ్గరికి పోయాడు.

“ఒరే, నాకో వెయ్యి పేజీలు కావాలి. అన్నిట్లో నా పేరే ఉండాలి.”

“ఎవరి పేరు మీద పెట్టమంటావు జంబయ్యా?” అంది పెద్దకోతి.

“ఎవరిదైతేనేం, అడవిలో పేర్లకి కరువా? ‘నా కాల్లో ముల్లు దిగితే జంబయ్యగారే తీశారు, మీరూ వెళ్లండి’ అని రాసెయ్యండి. పేజీకి ఒక జామకాయ.”

జామకాయ అన్నాక కోతులు ఆగుతాయా? నాలుగు రోజుల్లో వెయ్యీ పూర్తిచేసి పడేశాయి. జంబయ్య ఒక్కదాన్ని కూడా తెరిచి చూసిన పాపాన పోలేదు. డేగకన్నులో తన పేరు అందరికంటే పైన కనబడింది కదా, అది చాలనుకున్నాడు.

ఆ దొంగ పేజీల రద్దీలో ఏదులమ్మ పేరు డేగకన్ను జాబితాలో ఏడో పేజీకి జారిపోయింది. మందలు దిగడానికి ఇంక పదిహేను రోజులే ఉన్నాయి. ఈసారి గొర్రెల దగ్గర కూడా ఫోన్లున్నాయి, పైన ఎవరి పేరుంటే వాళ్ల గుమ్మమే తొక్కుతాయి. ఆవిడకి దిగులు పట్టుకుంది. దుక్కి పేజీ నడిపే మైలెద్దు గిట్టలో తుమ్మముల్లు తీస్తూ తీస్తూ కళ్లనీళ్లు పెట్టుకుంది.

“ముల్లు గుచ్చుకుంది నాకు, ఏడుపు నీకా?” అన్నాడు మైలెద్దు.

“నవ్వులాట కాదు మావా. పిల్లలకి ఏం పెట్టను? పోనీ నేనూ ఆ కోతులకి నాలుగు జామకాయలిచ్చి...”

“ఆ పని మాత్రం చెయ్యకు. అది వాడికి తెలిసిన విద్య, అందులో వాణ్ని నువ్వు గెలవలేవు. నీకు తెలిసింది నువ్వు రాయి.”

“నేను రాస్తే ఎవరు చూస్తారు?”

“నాకు పనికొచ్చేది రాస్తే నా పేజీలో నేనే చెబుతాను. నువ్వు బతిమాలనక్కర్లేదు.”

ఆ మాట ఆవిడ బుర్రకెక్కింది. అడవంతా తిరిగింది. ఏ దారిలో ఏ ముళ్లున్నాయో చూసి వచ్చి రాసింది. తుమ్మముల్లు తిన్నగా లాగాలి. రేగుముల్లు కొక్కెంలా వంగి ఉంటుంది, లాగితే చర్మం చీరుతుంది, వంపు చూసుకుని తిప్పి తీయాలి. చెరుకుతోటల బాటలో పల్లేరుకాయలున్నాయి, గట్టు మీంచి నడవండి. ఇలా బొమ్మలతో సహా పెట్టింది.

మైలెద్దు అన్న మాట ప్రకారం తన పేజీలో ఆ సంగతి చెప్పాడు. కొండదారుల మేక గంగులు చదివి, “ఇది ముందే తెలిస్తే నా కాలు కుంటిదయ్యేదా!” అని తన పేజీలో పెట్టింది. అడవిదున్న కూడా నాలుగు ముక్కలు రాశాడు. ఆ ముగ్గురి పేజీలు చూడని జంతువు లేదు. ఏదులమ్మ పేరు ఏడో పేజీ నుంచి మొదటి పేజీకొచ్చి రెండో చోట ఆగింది. పైన మాత్రం జంబయ్యే కూర్చున్నాడు.

మందలు రేపు దిగుతాయనగా, పొద్దున్నే ఏదులమ్మ కొండెక్కింది. తోడు మైలెద్దు, వెనకాల తమాషా చూడ్డానికి సగం అడవి. సంగతి తెలిసి జంబయ్య కూడా మీసాలు దువ్వుకుంటూ వచ్చాడు.

“నీ తరఫున చెప్పింది ముగ్గురు. వాడి తరఫున వెయ్యిమంది. నన్నేం చెయ్యమంటావు తల్లీ?” అన్నాడు డేగ దొర.

“ఇంకేం చెయ్యొద్దు దొరా. ఆ వెయ్యిమందినీ పిలిచి, ముల్లు ఏ కాల్లో దిగిందో ఒక్కమాట అడగండి,” అంది ఏదులమ్మ.

“ఓస్, అంతేనా? అడగండి!” అన్నాడు జంబయ్య ధీమాగా.

డేగ దొర మొదటి పేరు చదివాడు. జనంలోంచి పాము తల ఎత్తింది.

“ముల్లు నీకు ఏ కాల్లో దిగింది?”

“కాలా?” పాము తన ఒంటిని తలనుంచి తోకదాకా ఓసారి చూసుకుంది. “నాకు కాలెక్కడిది దొరా? నాకసలు పేజీయే లేదే!”

జంబయ్య మీసం దువ్వడం ఆపాడు. రెండో పేరు వానపాముది, మూడోది జలగది, నాలుగోది వాగులో కొరమేనుది. అయిదో పేరు చదివేసరికి డేగ దొర ముక్కు ఎర్రబడింది. అది గత ఏడాది కూలిపోయిన మద్దిచెట్టుది. నవ్వాపుకోలేక అడవిపంది నేల మీద పడి దొర్లింది.

“దొరా, అది... ఆ కోతులు...” జంబయ్య నసిగాడు.

“మాదేం తప్పు? నువ్వేగా ఎవరిదైతేనేం అన్నావు!” అంది పెద్దకోతి కొమ్మ మీంచి.

ఇటు మైలెద్దు ముందుకొచ్చి ఎవరూ అడక్కుండానే గిట్ట ఎత్తి చూపించాడు. “కుడి ముందుకాలు దొరా. గాయం మానిపోయింది. నిన్న రెండెకరాలు దున్నాను.”

డేగ దొర వెయ్యి పేజీలనీ ఒక్క రెక్క విదిలింపుతో తుడిచేశాడు. “ఇంతకాలం ఎంతమంది చెప్పారో చూశాను, ఎవరు చెప్పారో చూడలేదు. తప్పు నాదే. ఇకమీదట చెప్పినవాళ్లని చూశాకే చోటు,” అన్నాడు. జంబయ్య పేరు ఎక్కడికి పోయిందంటే, వెతకడానికి తనకే ఓపిక చాల్లేదు.

మర్నాడు గొర్రెలు దిగాయి. వాగు ఒడ్డు దాకా వరస! దుంపల గుట్ట చూసి పిల్లలిద్దరూ గంతులేశారు. ఏదులమ్మ సంతోషం పట్టలేక పాట అందుకుంది.

మూడోరోజు జంబయ్య తోక ముడుచుకుని వచ్చాడు. “అక్కా, ఇప్పుడు నీ మాటంటే డేగ దొరకి గురి. నీ పేజీలో నా పేరు ఒక్క ముక్క రాద్దూ!”

“దానికేం తమ్ముడూ, రాస్తాను. నీకు బాగా వచ్చిన పనేంటో చెప్పు.”

జంబయ్య చెవి గోక్కున్నాడు. గొర్రెలు ఒకదాన్నొకటి పొడుచుకుని నవ్వుతుంటే, ఓ బండ మీద కూలబడి ఆలోచించడం మొదలుపెట్టాడు. ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాడట.

నీ పని చూసినవాళ్లు ముగ్గురు మెచ్చుకుంటే చాలు, కొనుక్కున్న వెయ్యి పొగడ్తలూ దానికి సరితూగవు.