కాలవల ఆఫీసుకు దారెటు?

విరూపాక్షయ్యగారికి ఒక అలవాటు ఉండేది. తెలిసిన చోటికి కూడా దారి అడిగే వెళ్లేవారు. నాగావళి ఒడ్డున ఆశ్రమం కట్టుకుని, తల నెరిసేదాకా అక్కడే ఉన్న మనిషి సంతవీధిలో నిలబడి సంతవీధికి దారెటని అడిగితే కొత్తవాళ్లు జాలిపడేవారు, పాతవాళ్లు నవ్వుకునేవారు. శిష్యులకు మాత్రం తల కొట్టేసినట్టుండేది.

ఆ శిష్యుల్లో తవిటినాయుడు ఒకడు. డివిజన్ ఆఫీసులో పెద్ద ఉద్యోగం. ఆ ఏడు పైనుంచి అతనికి ఒక పని పడింది. మండలంలో ఏ శాఖ బాగా పనిచేస్తోందో, ఏది చెయ్యడం లేదో వరస కట్టి పంపాలి. మొదటి శాఖకు జెండా పండగనాడు ప్రశంసాపత్రం, ఆఖరి శాఖ అధికారికి అక్కణ్ణించి ఉద్వాసన. తవిటినాయుడు న్యాయమైన మనిషి. న్యాయమైనవాళ్లకు లెక్కలంటే మహా ప్రీతి కనుక, జనం ఇచ్చిన ఫిర్యాదుల్ని బట్టి వరస కట్టాడు. ఒక్క ఫిర్యాదూ లేని కాలవల ఆఫీసు పైకి తేలింది. ఫిర్యాదులు కుప్పపడ్డ పశువుల ఆస్పత్రి అడుక్కి పోయింది. ఇక సాయంత్రంలోగా సంతకం పెడితే ఆస్పత్రి డాక్టరు కొరాడ శ్యామలకు ఆ ఊళ్లో నూకలు చెల్లినట్టే. ఎందుకో చెయ్యాడక పొద్దున్నే గురువుగారి దగ్గరికి వచ్చి, తన వరస ఆయనకు వివరంగా చెప్పాడు.

"స్వామీ, నా మనసెందుకో ఒప్పుకోవడం లేదు. పనిచేసేవాణ్ణీ, చెయ్యనివాణ్ణీ ఎలా పోల్చుకోవాలి?"

ఆయన గొడుగు తీసుకుని లేచారు. "కాలవల ఆఫీసుకి వెళ్దాం పద. దారి అడుగుదాం."

బోరింగు దగ్గర నీళ్లు పట్టుకుంటున్న ఒక ముసలమ్మని అడిగారు. ఆమె బిందె కింద పెట్టి చాలాసేపు ఆలోచించింది.

"కాలవల ఆఫీసా? ఉండీది బాబూ, నాను కాపరానికొచ్చిన కొత్తలో. ఇప్పుడుందేటి?"

ఉంది. సంతవీధి వెనకాల, వెల్లవేసిన గోడలతో ముచ్చటగా ఉంది. లోపలున్న ఒక్క గుమస్తా గబుక్కున లేచి కుర్చీలు తుడిచి వేశాడు, చల్లటి నీళ్లిచ్చాడు. ఆ మర్యాదకి తవిటినాయుడి ముఖం వికసించింది.

"మొన్న వానలకి కాలవ గట్టు తెగిందటగా?" అని అడిగారు గురువుగారు.

"తెగిందండి. రైతులే చందాలేసుకుని కట్టేసుకున్నారండి. ఇక్కడి జనం చాలా మంచోళ్లండి. మమ్మల్ని ఏనాడూ ఇబ్బంది పెట్టరు."

గురువుగారు నీళ్లు తాగి, గుమస్తాని దీవించి బయటికొచ్చారు.

పశువుల ఆస్పత్రి ఎటో అక్కడి గాలే చెప్తుంది. అయినా ఆయన అడిగారు. టీకొట్టు ముందు గేదెని పలుపుతాడుతో పట్టుకుని నిలబడ్డ జోగులు అనే రైతు, ఆ మాట కోసమే కాచుకున్నట్టు అందుకున్నాడు.

"ఆ డాక్టరమ్మ కాడికేనా? ఎల్లండెల్లండి! ఈ సందులోంచి తిన్నగా. ఇప్పుడైతే ఉంటాది. ఎండెక్కితే ఊళ్లమీద పడిపోద్ది, మరి దొరకదు. మొన్న రేత్రి ఈ గేదె ఈనలేక గిలగిల్లాడిపోతంటే కబురెట్టినాను. తెల్లారినాక వచ్చింది. బంగారంలాటి పెయ్యదూడ, పోనాది. రాసిచ్చినాను. ఊరుకుంటానేటి?"

ఆ మాటతో తవిటినాయుడికి ధైర్యం వచ్చింది. "నీ ఫిర్యాదు నా దగ్గరే ఉందయ్యా. సాయంత్రానికి ఆవిణ్ణి ఇక్కణ్ణించి తీసేస్తున్నాం."

జోగులు తెల్లబోయాడు.

"తీసేత్తారా? తీసెయ్యమని నానెప్పుడు సెప్పినాను బాబూ? రేత్రిపూట కూడా రావాలని రాసినాను! ఈ తల్లిగేదెకి జొరం. సూదేయించడానికి ఆవిడ కాడికే తోలుకెల్తన్నాను. ఆవిణ్ణి తీసేత్తే నానెవుల కాడికెల్లాల, ఎవుల్ని తిట్టాల?"

ఇంకో మాటకి ఆగకుండా గేదెని అదిలించుకుంటూ సందులోకి పోయాడు. గురుశిష్యులు వెనకాలే వెళ్లారు. ఆస్పత్రి ముందు గొర్రెలూ మేకలూ మనుషులూ కలిసి గోలగా ఉంది. కుర్చీ వేసే నాథుడు లేడు. మోచేతులదాకా మురికితో ఉన్న శ్యామల, జోగుల్ని చూడగానే చేస్తున్న పని ఆపింది. "తల్లి గడ్డి తింటోందా అన్నా?" అని అడిగింది. అతను మొహం పక్కకి తిప్పుకుని, "తింటంది," అన్నాడు. తాడు మాత్రం ఆమె చేతికిచ్చాడు.

తిరుగుదారిలో తవిటినాయుడికి ఏదో తట్టినట్టయింది. "కాయలున్న చెట్టుకే రాళ్లదెబ్బలంటారు. ఇదీ అంతేనా స్వామీ?"

"దూడ చచ్చిపోయింది నాయనా. ఆ రాయి తగలాల్సిందే."

అతను కాస్త దూరం నడిచాడు. తర్వాత ఆగి ఆఫీసుకి ఫోన్ చేశాడు. "డాక్టరమ్మని తీసెయ్యాలని రాశాను చూడు, అది కొట్టెయ్యి. ఆ ఆస్పత్రికి రాత్రిపూట ఇంకో డాక్టరు కావాలని రాయి. కాలవల ఆఫీసు సంగతి నేనొచ్చి రాస్తాను."

గురువుగారు ఏటి మలుపులో ఎదురొచ్చిన పుచ్చకాయల బండివాణ్ణి ఆపి, ఆశ్రమానికి దారెటని అడిగారు. తవిటినాయుడు అలవాటుగా తల దించుకున్నాడు.

"మీ ఆశ్రమానికి మీరే దారడుగుతారేటి సామీ!" అన్నాడు బండివాడు. "ఆ చింతల ఎనకాలే కదేటి. అన్నట్టు, సోమారం మీరెట్టే అన్నాల్లో పప్పు మరీ నీళ్లయిపోతంది. ఆకులో నిలవడం నేదు. కూసింత సూసుకోండి."

బండి కదిలిపోయింది. గురువుగారి ముఖంలో అంత సంతోషం ఆ పొద్దుటినుంచీ తవిటినాయుడు చూడలేదు.

"హమ్మయ్య, ఇంకా వస్తున్నారు," అన్నారాయన. "వచ్చే సోమవారం పప్పు కాస్త చిక్కగా వండించు."