గవరయ్య పేరున్న ఫోల్డరు

సన్యాసయ్య గారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. ముందు ఏదో ఒక పని అప్పగిస్తారు. పని సరిగ్గా చేసినవాడికి ప్రశ్న మిగలదని ఆయన నమ్మకం.

ఆశ్రమంలో ఆయన ప్రసంగాలను కంప్యూటర్లో టైపు చేసే అప్పలస్వామి ఒకనాడు అడిగాడు. "గురువుగారూ, ఒక మనిషిని మనసులోంచి తుడిచేయడం ఎలాగండీ?"

ఎవరిని అని ఆయన అడగలేదు. పదకొండేళ్లు అప్పలస్వామితో ఒకే గదిలో ఉన్న గవరయ్య ఎనిమిది నెలల కిందట వెళ్లిపోయాడు. "గురువుగారి మాటల్లో నీ మాటలు కలిపి రాస్తున్నావురా" అని నలుగురిలో అనేశాడు. "ఇంక నా గడప తొక్కకు" అన్నాడు అప్పలస్వామి. గవరయ్య తొక్కలేదు. నిజం తేల్చుకునే తీరిక ఇద్దరికీ లేకపోయింది. కోపానికి మాత్రం కావలసినంత తీరిక దొరికింది.

"కంప్యూటర్లో గవరయ్య పేరుతో ఒక ఫోల్డరు ఉండాలి కదా. అది తీసేసి రా, చెబుతాను" అన్నారు గురువుగారు.

ఎంతసేపటి పని అనుకున్నాడు అప్పలస్వామి. కానీ తీసేయబోతే, ఈ ఫోల్డరు వేరేచోట తెరిచి ఉంది, తీయడం కుదరదు అని తెర మీద పడింది. తెర మీద కనిపించినవన్నీ మూశాడు. కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టాడు. అదే మాట. నాలుగు రోజులు అదే మాట. పట్నంలో మెకానిక్కుకి ఫోను చేస్తే, "బలవంతంగా పీకొచ్చండి, పక్కనున్నవి కూడా ఊడొస్తే నన్నడక్కండి" అన్నాడు.

ఐదో రోజున గురువుగారి దగ్గరకు వచ్చి, "దరిద్రపు మిషనండీ. చచ్చినా వదలదు" అన్నాడు.

ఆయన లేచి, కంప్యూటరు ఉన్న అప్పలస్వామి గదికి వచ్చారు. గదిలో ఒక చాప పరిచి ఉంది. ఇంకొకటి చుట్టి గోడకు ఆనించి ఉంది. దాని మీద దుమ్ము లేదు.

"పొద్దున్నే దీన్ని పెట్టగానే ఏం మొదలవుతుంది?"

"ఏమీ లేదండీ. ఇదివరకు ఆ ఫోల్డర్లోంచి గవరయ్య చదివిన స్తోత్రం దానంతటదే వచ్చేది. రోజంతా తిరుగుతూ ఉండేది. ఆ గొంతు వినలేక స్పీకరు వైరు పీకేశాను."

"వైరు పీకావు. చదవడం ఆపావా?"

గురువుగారు వంగి వైరు తగిలించారు. ఎనిమిది నెలలుగా ఆ గదిలో ఎవరికీ వినపడకుండా చదువుతూనే ఉన్న గొంతు, శ్లోకం మధ్యలో పైకి వచ్చింది. రెండు పాదాలు చదివి ఆగింది. "ఒరే అప్పలసామీ, ఆ ఫ్యానాపరా బాబూ, మైకులో హోరు కొడతంది" అంది. ఆ వెనకాల, దూరంగా, అప్పలస్వామి నవ్వు.

గురువుగారు దాన్ని ఆపారు. గది బావిలా అయిపోయింది.

"ఇప్పుడు తీసెయ్. అడ్డేమీ లేదు."

అప్పలస్వామి నొక్కాడు. ఈసారి తెర ఎదురు చెప్పలేదు. నిజంగా తీసేయమంటారా అని మాత్రం అడిగింది. అతని వేలు మీట మీద ఉంది. ఎంతసేపటికీ కదలలేదు.

గురువుగారు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారు.

"మరి నాలుగు రోజులూ మిషన్ని తిట్టావేం, నాయనా?"