తోకచుక్క కింద కాపలా

సోమయాజులు అనే ఖగోళ పండితుడు ఒకనాడు రాజుతో, "తోకచుక్క కనబడింది ప్రభూ. చాలా దూరం నుంచి వెళ్ళిపోతుంది," అన్నాడు.

ఆ కబురు ఊరికి చాటే అధికారి సింగరాయుడు. కోట వాకిట్లో ఉన్నదున్నట్టు చాటితే నలుగురు కూడా ఆగలేదు. అంగడివీధికి వచ్చేసరికి "దగ్గరికి వస్తోంది" అన్నాడు, జనం మూగారు. ఆ పై వీధిలో, "పున్నమినాడు కుమ్మరివీధి మీద పడుతుందహో!" అన్నాడు.

ఊరంతా కోటకు పరిగెత్తుకొచ్చింది. ఆ గోలకు రాజు హడలిపోయి, కుమ్మరివీధి ఖాళీ చేయమన్నాడు. పండితుణ్ణి గ్రహణాల లెక్కలు మానేసి తోకచుక్కలే వెతకమన్నాడు.

కుమ్మరి పైడమ్మ కుండలు కాల్చే ఆవం అప్పుడే అంటించింది. వదిలిపోతే మూడు నెలల కష్టం మట్టిపాలే. తిన్నగా సభకు వెళ్ళింది.

"పోతాం మారాజా. మరి ఇళ్ళకు కాపలా ఎవరు? ఈ సింగరాయుడు బాబుగారే ఉంటే మాకు ధైర్యం."

సభంతా తనవైపు చూడటంతో సింగరాయుడి ఛాతీ పొంగింది. "దానికేం! పెళ్ళాం పిల్లలతో సహా వచ్చి నీ అరుగు మీదే పడుకుంటాను!"

"పున్నమినాడు కూడానా బాబూ?"

"ఆ రోజు కూడా!"

పైడమ్మ రాజుకు దణ్ణం పెట్టింది. "బాబుగారు తన పిల్లల్ని తెచ్చి పడుకోబెట్టే చోటి నుంచి, నా పిల్లల్ని నేనెందుకు తీసుకుపోవాలి మారాజా?"

సభంతా గొల్లున నవ్వింది. రాజు ఆజ్ఞలు రెండూ రద్దు చేశాడు. ఇకమీదట ఏ వీధిలో ఏం పడుతుందని చాటినా, ముందు సింగరాయుడే అక్కడ కాపురం పెట్టాలన్నాడు.

ఆ సాయంత్రమే దండోరా మోగింది: "తోకచుక్క దాని దారిన అది పోతోంది, ఎవరి పని వాళ్ళు చూసుకోండహో!"