రెండు ముడుల నూలు

కొండల నడుమ కనకాద్రి అనే ఒకానొక రాజ్యం ఉండేది. తాను విప్పలేని రహస్య సందేశం లోకంలోనే లేదని దాని రాజు ఉద్దండవర్మకు మహా గర్వం.

అంతఃపురంలో రాకుమారుణ్ణి పెంచే దాది నాంచారి. ఆమె సొంత పిల్లలిద్దరూ పొరుగు రాజ్యమైన మల్లెసీమలో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నారు. ఆరు నెలలకోసారి ఆ ముసలమ్మ ఉప్పు బండివాడి చేతికిచ్చి ఒక పసుపు నూలు పంపేది. దానికి రెండే ముడులు.

ఈసారి అది సరిహద్దు భటులకు చిక్కింది. అది ఎవరికో బండివాడు చెప్పగానే నాంచారిని సభకు రప్పించారు.

రాజు నిండు సభలో దాన్ని వేలికి చుట్టి చూశాడు. "రెండు ముడులంటే రెండు దండులు. పసుపు రంగంటే వరి పండే కాలం. అప్పుడు మన మీదికి వస్తారన్నమాట!"

"కాదు మహాప్రభో, అది నా పిల్లల ఎత్తు. పై ముడి పెద్దవాడిది, కింది ముడి చిన్నదానిది" అంది నాంచారి.

"పట్టుబడ్డ గూఢచారులందరూ ఇలాంటి కథలే చెబుతారు. బతికినన్నాళ్లూ చెరసాలే నీకు!"

నాంచారి కళ్లు మాత్రం ఆ నూలును వదల్లేదు. కిందటిసారి చిన్నదాని ముడి కదలనేలేదు. ఈసారైనా ఎదిగిందో లేదో.

ఆస్థాన విదూషకుడు తిప్పన ఆమె పక్కకు జరిగాడు. "ఏమ్మా, మీ సీమలో అందరూ ఇలాగే కొలుస్తారా?"

"కొలవని తల్లి ఉండదయ్యా. రాజమాత పుట్టిల్లూ మా సీమే కదా!"

తిప్పన చటుక్కున అంతఃపురం వైపు నడిచాడు. కాసేపటికి గసపోసుకుంటూ వచ్చాడు. "ప్రభూ, ఇంకో నూలు దొరికింది. ఇది మరీ ప్రమాదంగా ఉంది!"

రాజు దాన్ని అందుకుని మీసం దువ్వాడు. "తొమ్మిది ముడులు! తొమ్మిది దండులు. ఇదిగో, నడుమ రెండు ముడులు దాదాపు అంటుకుపోయాయి. అంటే రెండు దండులు ఏకమై కోటను ముట్టడిస్తాయి. ఎవరిదిది? ఆ ద్రోహిని ఈడ్చుకు రండి!"

తెర తొలగించుకుని రాజమాత వచ్చింది. "నాదే నాయనా. నిన్ను గురుకులానికి పంపేదాకా, ఏటా పుట్టినరోజున గోడకు నిలబెట్టి కొలిచి వేసిన ముడులు. ఆ రెండూ నీ ఆరో ఏటి మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి వేసినవి. ఆ ఏడంతా జ్వరంతో మంచం పట్టావు. చిటికెన వేలంత కూడా ఎదగలేదు."

"ప్రభువులు బాగానే చదివారు" అన్నాడు తిప్పన వినయంగా. "ముట్టడి జరిగిన మాట నిజమే. జ్వరం ముట్టడించింది, అమ్మ కోట కాచింది."

రాజు తల్లి ముఖం వంక చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ. "ఓడించావురా తిప్పనా!" అని మెడలోని ముత్యాల హారం తీసి అతని మెడలో వేశాడు. "దాదీ, నీకేం కావాలో కోరుకో."

"ఆ నూలు ఇప్పించండి ప్రభూ. చిన్నదాని ముడి ఇంకా చూసుకోలేదు."

కొంగున కట్టుకున్న పాత నూలు విప్పి, కొత్తదాని పక్కన పెట్టింది నాంచారి. కింది ముడి రెండు వేళ్ల మేర పైకి జరిగి ఉంది. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది.

"మల్లెసీమకు పల్లకీ పంపండి, పిల్లల్నీ అమ్మమ్మనూ తీసుకురండి" అన్నాడు రాజు. "దాదీ, వచ్చేసారి ముడి నువ్వే వేద్దువుగాని."