బొమ్మనకుంట మ్యాచ్‌కు ముగ్గురు మేనమామలు

తాటిగుండ్లలో మారెప్ప, లింగప్ప, హనుమంతు అని ముగ్గురు అన్నదమ్ములు. ఊర్లో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే పెట్టి తాళం వేసినట్టు తిరుగుతారు. ఎదుటి మనిషి ఏ మాట చెప్తే అదే చేస్తారు, ఇసుమంత అటూ ఇటూ కానీరు. ఒకసారి డాక్టరు మారెప్పతో "భోజనం తర్వాత మాత్ర వేసుకో" అన్నాడు. ఆ పూట ఇంట్లో వంట కాలేదు. జ్వరంతోనే పక్కూరి పెళ్ళికి నడిచిపోయి, భోంచేసి వచ్చి వేసుకున్నాడు మహానుభావుడు. జ్వరం తగ్గింది. అప్పటినుంచి ఆ ముగ్గురినీ పట్టలేకున్నాం.

వాళ్ళ చెల్లెలు ఈరమ్మ. ఆమె కొడుకు మద్దిలేటి ఊరి ఫుట్‌బాల్ టీంకు గోల్‌కీపరు. ఆ ఆదివారం బొమ్మనకుంటలో మ్యాచ్. జిల్లా టీంకు పిల్లోళ్ళను ఎంచే సారు వస్తాడని కబురు. ఒక్క గోలు కూడా పోనీయకుంటే మద్దిలేటికి జిల్లా టీంలో చోటు. పోనిచ్చినాడా, సోమవారం నుంచి వాళ్ళ నాయనతో పాటు రాళ్ళు కొట్టే పనికే. పాపం, మూడు రోజులుగా పిల్లోనికి అన్నం సయించలేదు.

"అన్నా, పరాయి ఊరు. మనోళ్ళు పక్కనుండాల. మీరు పోయి వానికి ధైర్యం చెప్పండి" అని ఈరమ్మ ముగ్గురినీ టీం లారీ ఎక్కించింది. అంతే. దారి పొడుగునా ముగ్గురూ మద్దిలేటి చెవిలో "ధైర్యం, ధైర్యం, ధైర్యం" అని చెప్తానే ఉన్నారు. బొమ్మనకుంట వచ్చేసరికి పిల్లోనికి చెవిపోటు వచ్చింది.

గ్రౌండంటే ఏముంది, గులకరాళ్ళ నేల. రెండు పక్కలా వెదురు గోలు పోస్టులు, చుట్టూ ఒక తాడు, మూలన టీ అంగడి. ఆ ఊరి క్లబ్బు సెక్రటరీ బయపరెడ్డి మర్యాదస్తుడు. ఎదురొచ్చి, "రండప్పా రండి. మొహమాటపడొద్దు. ఇది మీ ఇల్లే అనుకోండి" అన్నాడు.

ముగ్గురూ అక్కడే గొంతుక్కూర్చుని, కళ్ళు మూసుకుని, అనుకోవడం మొదలుపెట్టినారు.

"అనుకున్నావారా?" అన్నాడు మారెప్ప.

"గోడలదాకా అనుకున్నానన్నా. పైకప్పు రావడంలే" అన్నాడు లింగప్ప.

"నేను ఎప్పుడో అనుకున్నా. దొడ్లో బర్రెను కూడా కట్టేసినా" అన్నాడు హనుమంతు.

మొత్తానికి ముగ్గురికీ ఇల్లు లేచింది. ఇంకేముంది. మారెప్ప చొక్కా విప్పి పారేసి బయపరెడ్డి కుర్చీలో కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. లింగప్ప టీ అంగట్లో దూరి, "మన ఇంట్లో చక్కెర ఇంత తక్కువ ఎప్పుడైనా వేసినామా?" అని టీ కాచే ఆమెను గదమాయించినాడు. ఆమె గరిటె ఎత్తేసరికి బయటికొచ్చినాడు.

ఆట మొదలయ్యింది. మారెప్ప చూపు ఎండలో నిలబడిన మద్దిలేటి మీద పడింది.

"ఒరే, చెల్లెలి కొడుకు మన ఇంటికొచ్చి అప్పటినుంచి వాకిట్లోనే నిలబడి ఉండాడు. కాళ్ళకు నీళ్ళిచ్చినారా ఎవరైనా?"

ముగ్గురికీ సిగ్గేసింది. ఒకడు కుర్చీ, ఒకడు చెంబు, ఒకడు తువ్వాలు పట్టుకుని గోలు దగ్గరికి ఉరికినారు. "పోండి మామా, మీకు దండం పెడతా" అని పిల్లోడు మొత్తుకున్నాడు. "మొదట అట్లనే వద్దంటారులే" అని వాణ్ణి కుర్చీలో కుదేసి ఒక బూటు ఊడబీకినారు. సరిగ్గా అప్పుడే బంతి వచ్చింది. కుర్చీ పక్కనుంచి దర్జాగా లోపలికి పోయింది.

మద్దిలేటి ప్రాణం పోయినంత పనయ్యింది. అదృష్టం బాగుండి రిఫరీ ధర్మాత్ముడు. "బయటి మనుషులు లోపలుండారు, ఈ గోలు చెల్లదు" అన్నాడు. మామల వైపు తిరిగి, "ఇంకొక్కసారి ఆ తాడు దాటినారంటే మీ టీం ఓడినట్టే రాస్తా" అన్నాడు.

"తాడు దాటం సార్" అని ముగ్గురూ ఒట్టు పెట్టుకున్నారు. ఆ ఒట్టు తప్పలేదు కూడా. సగం ఆట అయ్యి అందరూ టీ తాగుతుంటే హనుమంతు తాడు మొత్తం ఊడదీసి చుట్ట చుట్టి భుజానికి తగిలించుకున్నాడు. తాడే లేకుంటే ఇంక దాటేదేముంది? తీరిగ్గా లోపలికి పోయినాడు. గోలు ముందర తెల్లగా సున్నం గీతలు కనబడినాయి.

"ఇంటి ముందర ఎవరో సున్నం ఒలకబోసినారే" అని చీపురు తెచ్చి శుభ్రంగా ఊడ్చేసినాడు.

పొద్దు వాలుతోందని రిఫరీ తాడూ గీతలూ చూసుకోకుండానే విజిల్ వేసినాడు. టీంలు పక్కలు మార్చుకున్నాయి. ఊడ్చిన పక్కకు వచ్చినోడు మద్దిలేటే. ఎంతసేపు ఆడినా ఎవరికీ గోలు లేదు. ఇంక రెండే నిమిషాలుందనగా గోలు ముందర మనోడొకడి చేతికి బంతి తగిలింది. గీతకు లోపలైతే పెనాల్టీ. బయటైతే బతికిపోతాం. రిఫరీ కిందికి చూస్తే గీతే లేదు. లోపల అని వాళ్ళు, బయట అని మనోళ్ళు ఒకటే గోల.

హనుమంతు మధ్యలోకి వచ్చి, "కొట్లాడుకోవద్దండప్పా, ఊడ్చింది నేనే కదా. గీత ఇదిగో ఇక్కడుండె. మనోడు నిలబడింది దానికి జానెడు లోపల" అని వేలితో గీసి మరీ చూపించినాడు.

ఇంకేముంది, పెనాల్టీ.

"నువ్వెందుకొచ్చినావు మామా?" అన్నాడు మద్దిలేటి. కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. హనుమంతుకు తన తప్పేమిటో అర్థం కాలేదు గానీ, ఎత్తుకుని పెంచిన పిల్లోడు ఏడుస్తుంటే వానికీ ఏడుపొచ్చింది. అన్నదమ్ములు ముగ్గురూ చేతులు పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. దెబ్బ వినబడింది. తర్వాత తాటిగుండ్లోళ్ళ ఈలలు వినబడినాయి. కళ్ళు తెరిస్తే మద్దిలేటి బంతిని పొట్టకు అదుముకుని దుమ్ములో పడున్నాడు. మారెప్ప పోయి వాని తలంతా ముద్దులు పెట్టినాడు.

ఆట ముగిసింది. జిల్లా సారు నవ్వుతా వచ్చినాడు. "ఇట్లాంటోని కోసమే తిరుగుతాండా. ఇప్పుడే క్యాంపుకు తీసుకుపోతా. జీపు తెచ్చేదాకా వీణ్ణి ఇక్కడినుంచి కదలనీయొద్దండి" అని పోయినాడు.

మద్దిలేటి నీళ్ళు తాగుదామని ఒక అడుగు వేసినాడు. అంతే. ముగ్గురూ వాణ్ణి పట్టుకుని గోలు పోస్టుకు ఆనించి, భుజాల నుంచి మోకాళ్ళదాకా తాడు చుట్టేసినారు. ముడులంటే మామూలు ముడులా, కోడెను కట్టే ముడులు.

జీపు వచ్చింది. "ఏందయ్యా ఇది, విప్పండి" అన్నాడు సారు. ముగ్గురూ చెమటలు కక్కినా ఒక్క ముడీ రాలేదు. కత్తి తెమ్మన్నాడు. "మన ఇంటి తాడు మనమే కోసుకుంటామా సార్?" అన్నాడు లింగప్ప.

సారుకు విసుగు పుట్టింది. "నాకు టైం లేదు. ఎట్లో ఒకట్ల వీణ్ణి జీపులో వేయండి" అన్నాడు.

ఆ మాటే చాలు. ముగ్గురూ "హైలెస్సా" అని పోస్టును కుదుళ్ళతో పెరికి, మేనల్లునితో సహా జీపులోకి తోసినారు. సగం పోస్టు వెనక బయటికి వేలాడుతోంది. బయపరెడ్డి "అయ్యో నా పోస్టు" అని లబలబలాడుతా ఉరికొస్తున్నాడు.

మారెప్ప జీపు పట్టుకుని సారుతో మెల్లగా చెప్పినాడు. "మా పిల్లోడు జాగ్రత్త సార్. క్యాంపులో ఎక్కడ నిలబెట్టాలనుకుంటే అక్కడ గుంత తీసి పాతుకోండి. ఒక పోస్టు మేమిచ్చినాం, రెండోది మీరు చూసుకోండి."