ఈశాన్యమూల కోళ్లగూడు

మౌనాచారి గారికి ఒక అలవాటు ఉండేది. ఇంటికి కొలతలు వేయమని ఎవరు పిలిచినా, తాడు విప్పే ముందు ఆ స్థలంలో ఒక్కో మూలా కాసేపు ఊరికే కూర్చునేవారు. ఎండ ఎటునుంచి పడుతుందో, వాన నీళ్లు ఎటు పారతాయో చూసేవారు. పిలిచినవాళ్లకు ఓపిక నశించేది. ఈయన పేరుకు తగ్గట్టు నోరు విప్పరు కాబట్టి పోట్లాడటానికీ వీలుండేది కాదు.

ఆయన శిష్యుడు ఓబులేశు ఒకనాడు మండిపడుతూ వచ్చాడు. పక్క ఊళ్లో ఒక ఇల్లాలు, అతను గీసిన గీత ప్రకారం పొయ్యి మార్చనందట. శాస్త్రం చెప్పినా తల ఊపలేదట. గురువుగారు స్వయంగా వచ్చి ఒక్క మాట గట్టిగా అంటే ఆమె దారికి వస్తుందని అతని ఆశ. "పెద్దలు గీసిన గీతను కాదన్నవాళ్లకు ఏం గతి పడుతుంది స్వామీ?" అని అడిగాడు. మౌనాచారి గారు ఉలి పక్కన పెట్టి, నాపరాళ్ల గనుల దగ్గర ఒక ఊళ్లో జరిగిన సంగతి చెప్పారు.

ఆ ఊళ్లో సుంకమ్మ అని ఒకామె ఉండేది. భర్త పోయాక ఆమె ఇంట్లో ఉప్పూ పప్పూ పెరటి కోళ్లమీదే గడిచేవి. కోళ్లను గంప కింద మూసి పైన రాయి పెట్టేది. ముంగిసకు రాయితో పనేముంది? గంప కింద తవ్వి ఒక్కొక్కదాన్నే ఎత్తుకుపోయింది. చివరికి ఒక ఎర్రపెట్ట మిగిలింది. అది పెరట్లో ఈశాన్యమూల, పగిలిన నీళ్లగాబులో, పదకొండు గుడ్లు పెట్టి పొదగడానికి కూర్చుంది. అవి పిల్లలైతే సుంకమ్మ ఆ ఇంట్లో ఉండగలదు. కాకపోతే తలుపుకు తాళం వేసి కూలికి వలస పోవాల్సిందే.

పొదిగే కోడిని కదిలిస్తే మళ్లీ గుడ్లమీద కూర్చుంటుందన్న నమ్మకం లేదు. లోకమంతా గూడు కట్టి కోడిని తెచ్చి పెడుతుంది. సుంకమ్మ కోడి చుట్టూ గూడు కట్టడానికి పూనుకుంది. గాబు చుట్టూ బొగ్గుతో గీత గీసింది. తలుపులోంచి చెయ్యి చాపితే అవతలి మూల అందాలి, అదే ఆమె కొలత. ముంగిస తవ్వలేనట్టు మూరెడు లోతు తీసి నాపరాళ్లు నిలబెట్టింది. పొద్దుటి ఎండ పడేలా తలుపు తూర్పుకు ఉంచింది. కోడి బెదరకూడదని రోజుకు ఒక్క రాయే, చప్పుడు లేకుండా దించేది. ఇరవై ఒకటో రోజుకు పిల్లలు వస్తాయి. ఆలోగా కప్పు పడాలి.

పదమూడో రోజున ఆమె బావ మద్దిలేటి కంట్లో పడింది గూడు. పెరడు అన్నదమ్ములకు ఉమ్మడిది. దేవుడి మూలలో కోళ్ల పెంట ఏమిటని ఊరంతా వినేలా అరిచి, ఒక ఆచారిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ ఆచారికి ముప్పై ఏళ్లు కూడా లేవు. చేతిలో కొత్త తాడు, నోటినిండా శాస్త్రం. గోడ అవతలినుంచే చూసి, గూడూ కోడీ రెండూ వాయవ్యానికి మార్చమన్నాడు. నిరుడు కూడా ఆమె కోడి పొదుగుతుంటే మద్దిలేటి చేత అదే మాట చెప్పి పంపింది ఈ ఆచారే. వాయవ్యమంటే మద్దిలేటి ఇంటి స్నానాల నీళ్లు వచ్చి నిలిచే మూల. అది చూడాలంటే గోడ దాటి లోపలికి రావాలి.

సుంకమ్మ మట్టి చేతులతోనే లేచి నిలబడింది. "నిరుడు మీ మాట ఇని కోడిని లేపితి సామీ. గుడ్లన్నీ మురిగిపాయె. ఆ వాసన మీ ఇంటిదాంక రాలేదు," అంది.

కీడు జరుగుతుందని ఆచారి హెచ్చరించాడు. జరిగితే తనకే జరగనివ్వమందామె. "నేను మాత్రం లేపను. లేపాలనుంటే మీ చేత్తోనే లేపండి," అని పక్కకు తప్పుకుంది.

అంతమాట అన్నాక వెనక్కి తగ్గితే పరువేం కాను? ఆచారి గోడ దాటి వచ్చి గాబులో చెయ్యి పెట్టాడు. ఎర్రపెట్ట రెక్కలు విప్పింది, ఈకలన్నీ నిక్కించింది, గుడ్లమీంచి మాత్రం అంగుళం లేవలేదు. చేతిని ఎముక తగిలేలా పొడిచింది. మద్దిలేటి కోపం పట్టలేక గడ్డపారతో ముందరి రాయిని పడదోశాడు. కోడి అప్పుడూ లేవలేదు. సుంకమ్మ ఎవరి వంకా చూడకుండా ఆ రాయిని ఎత్తి, మళ్లీ అదే గుంతలో నిలబెట్టి, మట్టి మెత్తింది. ఆచారి నెత్తురు కారే చేత్తో తాడు చుట్టుకున్నాడు. ఇక కొలవడానికి అక్కడ ఏమీ లేదన్నాడు. ఆచారే ఆ మాట అన్నాక మద్దిలేటి గడ్డపార దించక తప్పలేదు. ఇరవై ఒకటో రోజున తొమ్మిది పిల్లలు కొత్త కప్పు కింద కిచకిచమన్నాయి. మిగిలిన రెండు గుడ్లను చూపించి, ఆచారి చెప్పిన కీడు ఇదేనని మద్దిలేటి చాలాకాలం ఊళ్లో చెప్పుకున్నాడు.

ఓబులేశుకు కథ నచ్చలేదు. ఆడమనిషి, పైగా ఒక కోడి, అంత అవమానం చేస్తే ఆ ఆచారి ఊరుకున్నాడా అని అడిగాడు.

మౌనాచారి గారు కుడిచెయ్యి చాపారు. బొటనవేలి మొదట్లో చిన్న తెల్లని గుంట ఉంది.

"నాకు గురువులు ఇద్దరు. ఒకరు తాడు పట్టడం నేర్పారు," అన్నారాయన. "రెండో గురువు కూర్చున్న చోటునుంచి లేవలేదు."